గైడెడ్ సెట్ కొన్నేళ్లు వాడాక: క్లాంప్ మీద కోపం, రాళ్ల మీద ఇష్టం

కత్తులకు పదును పెట్టుకునే గైడెడ్ సెట్ కొని కొన్నేళ్లయింది. కడ్డీ, దానికి బిగించే సన్నటి రాళ్లు, కత్తిని పట్టుకునే క్లాంప్, అంతే సామాను. కడ్డీ ఒక కొస ఒకేచోట తిరుగుతూ ఉంటుంది, దాంతో రాయి అంచు మీద ఒకే కోణంలో నడవాలన్నది దీని లెక్క. ఇదే అచ్చులో రకరకాల పేర్లతో ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి కాబట్టి నాది ఏ కంపెనీదన్నది ముఖ్యం కాదు. కొనేవాళ్లందరూ ముందు రాళ్ల మీద నంబర్లు చూస్తారు, కోణం ఎన్ని డిగ్రీల వరకు పెట్టుకోవచ్చో చూస్తారు. క్లాంప్ గురించి ఎవరూ అడగరు. నన్ను ఇన్నాళ్లూ సతాయించింది ఆ క్లాంపే.

వంటింటి కత్తిని మొన వైపు నుంచి చూడండి. వెన్ను దగ్గర రెండు మిల్లీమీటర్ల మందం ఉంటుంది, అక్కడి నుంచి అంచు దాకా పల్చబడుతూ వస్తుంది. అంటే రెండు పక్కలూ సమాంతరంగా ఉండవు. క్లాంప్ పలకలేమో సమాంతరంగా ఉంటాయి. అందుకని ఎంత బిగించినా అవి కత్తిని వెన్ను దగ్గర ఒక గీత మీదే పట్టుకుంటాయి, మిగతాదంతా వదులే. రాయితో నాలుగుసార్లు రుద్దేసరికి కత్తి కొద్దిగా ఊగడం మొదలవుతుంది. రాయి మీద చల్లిన నీళ్లు, రాలిన బురద పలకల మధ్యకు చేరాయంటే ఇక జారడమే.

ఇదంతా పొట్టి చాకుతో తెలియదు. నాలుగైదు అంగుళాల చాకులకు ఈ సెట్ చాలా బాగా పనిచేస్తుందని మా బంధువులందరికీ చెప్పాను. ఆ మాట ఇప్పటికీ నిజమే, కానీ ఆ చాకుల వరకే. ఎనిమిదంగుళాల కత్తిని మధ్యలో పట్టుకుంటే రెండు కొసలకూ ఆధారం ఉండదు. మొన దగ్గర రాయి ఆనగానే కత్తి రేకు వంగుతుంది, దాంతో మనం పెట్టుకున్న కోణం మారిపోతుంది. పోనీ వంగకుండా మెల్లగా రుద్దుదామంటే ఇంకో చిక్కు. అంచు తిన్నగా ఉన్నంత దూరం కడ్డీని ఎటు జరిపినా కోణం మారదు, ఎందుకంటే కడ్డీ తిరిగే బిందువు, అంచు గీత ఎప్పుడూ ఒకే తలంలో ఉంటాయి. అంచు మొన వైపు వంపు తిరగగానే ఆ లెక్క చెడుతుంది. క్లాంప్ ఎక్కడ పెట్టామన్నదాన్ని బట్టి మొన దగ్గర పదును గీత ఒకచోట వెడల్పుగా, ఒకచోట సన్నగా వస్తుంది. కత్తిని రెండు చోట్ల మార్చి బిగిస్తే రెండు సగాలూ కలిసే చోట చిన్న మెట్టు కనిపిస్తుంది. ఇరవై డిగ్రీలని స్కేలు మీద రాసి ఉన్నంత మాత్రాన కత్తికి పడేది ఇరవై డిగ్రీలు కాదు.

ఇక అసలు దెబ్బ సంక్రాంతి ముందు తగిలింది. పండక్కి ఇంటి నిండా జనం, వంటింట్లో పెద్ద కత్తి మొద్దుబారి టమాటా తొక్క మీద జారుతోంది. బిగించి ముతక రాయితో ఒక పక్క పూర్తి చేశాను. రెండో పక్కకు తిప్పి బిగిస్తుంటే స్క్రూ తిరుగుతూనే ఉంది, పట్టు మాత్రం రావట్లేదు. విప్పి చూస్తే స్క్రూ మరల్లో అల్యూమినియం పొడి, దారపు పోగుల్లా చుట్టుకుని బయటికొచ్చింది. పలక అల్యూమినియం, స్క్రూ స్టీలు. మెత్తటి లోహంలో సన్నటి మర కోసి, దాన్ని రోజూ బిగించి విప్పమంటే ఎన్నాళ్లుంటుంది? అమ్మినవాళ్లకు ఫొటోలు పంపాను. రిటర్న్ గడువు అయిపోయింది, క్లాంప్ విడిగా అమ్మం అని జవాబొచ్చింది. రాళ్లు సగం కూడా అరగలేదు, కడ్డీ కొత్తదానిలాగే ఉంది, ఆరు మిల్లీమీటర్ల రంధ్రం పాడైందని మొత్తం సెట్ మళ్లీ కొనమంటే ఒళ్లు మండదా?

ఆ క్లాంప్ పట్టుకుని విజయవాడ ఆటోనగర్‌లో ఒక లేత్ షాపుకి వెళ్లాను. లారీ విడిభాగాల మధ్య ఇంత చిన్న వస్తువు ఎవరు పట్టించుకుంటారా అనుకున్నాను గానీ, అక్కడి పెద్దాయన దాన్ని వెలుతురులోకి పట్టి చాలాసేపు చూశాడు. "ఇందులో థ్రెడ్ మళ్లీ కోసినా నిలవదు బాబూ. రంధ్రం పెద్దది చేసి ఇనప బుష్ కూర్చోబెడదాం" అన్నాడు. బుష్, అంటే రంధ్రంలోకి దిగే చిన్న ఇనప గొట్టం, కొట్టి, దానికి మర కోసి, కొత్త బోల్టు ఎక్కించి చేతికిచ్చాడు. ఈ పలకల మధ్య పెట్టేది ఏమిటని అడిగి, కత్తి అని చెప్పగానే, "లోపల పల్చటి తోలు ముక్క అంటించు, జారదు" అని కూడా చెప్పాడు. పాత చెప్పు తోలు కోసి అంటించాను. జారడం నిజంగానే ఆగింది. ఆ బుష్ ఇప్పటికీ గట్టిగా ఉంది. కొత్త సెట్‌కి అయ్యే ఖర్చుతో పోలిస్తే ఆయన తీసుకున్నది ఎంతో తక్కువ. రేకు వంగడం, మొన దగ్గరి వంపు మాత్రం ఏ లేత్ షాపూ బాగుచేసేవి కావు.

సెట్‌తో వచ్చిన రాళ్ల గురించి రెండు మాటలు. అన్నీ ఒకే మందంలో ఉండవు. కడ్డీ తిరిగే చోటి నుంచి అంచు దాకా పదిహేడు సెంటీమీటర్లుందనుకుంటే, రాయి మందంలో రెండు మిల్లీమీటర్ల తేడాకు కోణం అర డిగ్రీ పైనే మారుతుంది. అర డిగ్రీయే కదా అనిపిస్తుంది గానీ, ముతక రాయి తర్వాత పెట్టిన సన్న రాయి ఒక్కోసారి అంచును తాకకుండా పైపైనే పాలిష్ చేసి వదిలేస్తుంది. దీన్ని పట్టుకోవాలంటే అంచు మీద పర్మనెంట్ మార్కర్‌తో నల్లగా గీసి, ఒక్కసారి రుద్ది, రంగు ఎక్కడ పోయిందో చూడాలి. రాయి మార్చినప్పుడల్లా నేను ఇప్పుడు అదే చేస్తాను. అవతలి పక్క వేలికి తగిలే బర్, అంటే రుద్దినప్పుడు అంచు మీద మడత పడి లేచే సన్నటి లోహపు పొర, లేవకుండా తర్వాతి రాయికి వెళ్లను. నంబర్లను కూడా ఒకదాంతో ఒకటి పోల్చకండి. నంబరు పెరిగే కొద్దీ రాయి సన్నం, కానీ లెక్కలు వేరు. యూరప్ లెక్కలో పీ1000 అని రాసిన వాటర్ పేపర్‌లో (నీళ్లతో రుద్దే గరుకు కాగితం) రేణువు పద్దెనిమిది మైక్రాన్ల చుట్టూ ఉంటుంది, జపాన్ లెక్కలో 1000 అంటే అంతకన్నా సన్నం. నా సెట్ రాళ్ల మీద ఏ లెక్కో రాయలేదు.

అయినా ఆ రాళ్లంటే నాకు ఇష్టం పెరగడానికి కారణం మా అమ్మ కత్తిపీట. ఇనప కత్తి, లోపలికి వంగిన అంచు, చెక్క పీటకు దిగేసి ఉంటుంది. దాన్ని ఏ క్లాంప్‌లోనూ పెట్టలేం. బల్ల మీద పెట్టే మూడంగుళాల వెడల్పు రాయికీ అది లొంగదు, వంపు లోపల రాయి అంచులు మాత్రమే తగులుతాయి. క్లాంప్ ఆటోనగర్‌లో ఉన్న రోజు ఊరికే కూర్చోలేక, కడ్డీ నుంచి ఒక రాయి ఊడదీసి చేత్తో పట్టుకుని కత్తిపీట ముందు కూర్చున్నాను. అంగుళం వెడల్పు రాయి ఆ వంపులోకి చక్కగా ఇమిడింది. పీటను గోడకు ఆనించి, కత్తి కదలకుండా కాలితో తొక్కిపట్టి, అంచుకు ఎదురు వెళ్లకుండా పై నుంచి కిందకి లాగుతూ వచ్చాను. ముతకది, తర్వాత సన్నది, చివర్లో రెండో పక్క ఒక్కటంటే ఒక్క లాగు, బర్ పోవడానికి. తడి తుడిచి, తుప్పు పట్టకుండా కొంచెం నూనె రాశాను.

మర్నాడు పొద్దున్న అమ్మ గుత్తి వంకాయకు కాయలు నాలుగు పక్షాలుగా కోస్తోంది. "ఇదేంట్రా, ఆనించగానే దిగిపోతోంది! పిల్లల్ని ఇటు రానీకు" అంది. బీరకాయ చెక్కు తీస్తుంటే చెక్కు తెగకుండా పొడుగ్గా వచ్చింది, కొత్తిమీర నలక్కుండా తెగింది. వీధిలో సైకిల్ మీద సాన పట్టేవాళ్లు వస్తే ఇచ్చేవాళ్లం ఇంతకుముందు. ఆ చక్రం కింద నిప్పురవ్వలు లేచి కత్తి అంచు నీలం తిరిగేది, వారం తిరిగేసరికి మళ్లీ మొద్దు. ఇప్పుడు నెలల తరబడి ఆ పదునే నిలుస్తోంది, తగ్గితే సన్న రాయితో నాలుగు లాగులు చాలు.

పెద్ద కత్తులకు ఇప్పుడు క్లాంప్ బయటికి తియ్యడమే మానేశాను. బల్ల మీద పెట్టి రుద్దే జపాన్ రాయి, షాప్టన్ కురోమాకు 1000 కొన్నాను. నానబెట్టక్కర్లేదు, నీళ్లు చల్లి మొదలుపెట్టొచ్చు, దాని పెట్టే స్టాండుగా పనికొస్తుంది. మా ఇంట్లోని విక్టోరినాక్స్ లాంటి మెత్తటి స్టెయిన్‌లెస్ కత్తులకు అంతకన్నా సన్న రాయి అవసరం రాలేదు. టమాటా తొక్కకు 1000 అంచులో ఉండే గరుకే మంచిది. రాయి అరగనే అరగదని మొదట్లో చెప్పేవాణ్ని, కానీ అరుగుతుంది, మెల్లగా. పెన్సిల్‌తో గీతలు గీసి, అద్దం పలక మీద వాటర్ పేపర్ పెట్టి రుద్దితే మధ్యలో గీతలు చెరగకుండా మిగిలాయి, అంటే గుంట పడిందన్నమాట. ఇంకోటి, చేతికి కోణం అలవాటు కావడానికి నాకు గైడెడ్ సెట్‌తో గడిపిన రోజులు చాలా పనికొచ్చాయి. మొదటి రోజే బల్లరాయి పట్టుకున్నవాళ్లకు నాలాగే కుదురుతుందని చెప్పలేను.

మీ ఇంట్లో అన్నీ పొట్టి చాకులే అయితే, చేతికి అలవాటు చేసుకునే తీరిక లేకపోతే, గైడెడ్ సెట్ కొనండి. కొనేముందు క్లాంప్ స్క్రూ దిగేది అల్యూమినియంలోకా, ఇనుములోకా అని అడగండి, క్లాంప్ విడిగా దొరుకుతుందో లేదో తెలుసుకోండి. రెండింటికీ జవాబు రాకపోతే నేనైతే కొనను. పొడుగు కత్తులు ఎక్కువుంటే ఒక్క 1000 రాయి చాలు. కత్తిపీట ఉన్న ఇల్లయితే మాత్రం, సెట్ లేకపోయినా ఆ అంగుళం రాళ్లు విడిగా రెండు తెచ్చుకోండి, ఒకటి ముతకది, ఒకటి సన్నది. ఆవకాయ ముక్కలు కొట్టే కత్తి జోలికి ఈ సన్న పదునుతో వెళ్లకండి, టెంక తగిలితే అంచు పెచ్చులూడుతుంది. దానికి ఒక్కో పక్కకు పాతిక డిగ్రీల మందపాటి అంచే సరి.