టైరాడ్ ఎండ్ నట్టు కింద వాషర్ ఉందా? లోడ్ వేయకండి

తిరుపతి, చంద్రగిరి, పాకాల, చిత్తూరు వైపు పాత పికప్‌లు నడిపే అన్నదమ్ములకు ఈ హెచ్చరిక. స్టీరింగ్ టైరాడ్ ఎండ్ (స్టీరింగ్ కడ్డీ కొసను ముందు చక్రానికి కలిపే, బాల్, సాకెట్ ఉన్న కీలు) మార్పించేటప్పుడు చాలా జాగ్రత్తగా ఉండండి. వేరే మోడల్ పార్టును మన బండి పేరున్న డబ్బాలో పెట్టి, ఒరిజినల్ ధరకే అంటగట్టే షాపులు ఉన్నాయి. అది సరిపోకపోతే వాషర్ వేసి బిగించి పంపించే మెకానిక్కులూ ఉన్నారు. మాకు ఆ రెండూ ఒకేసారి ఎదురయ్యాయి.

మాది ఏపీ 03 నంబరున్న పాత బొలెరో పికప్. మా బావమరిది నడుపుతాడు. మదనపల్లె, పీలేరు నుంచి టమోటా, కూరగాయలు తిరుపతికి తెస్తాడు. అంటే నిండు లోడుతో భాకరాపేట ఘాట్ దిగాలి. ఆ మలుపుల్లో స్టీరింగ్ మాట వినకపోతే ఏమవుతుందో ఈ చుట్టుపక్కల వాళ్ళకు నేను చెప్పాల్సిన పని లేదు.

ఎడమవైపు టైరాడ్ ఎండ్ రబ్బరు బూటు చిరిగి, గ్రీజు పోయి, లోపల దుమ్ము చేరింది. స్పీడ్ బ్రేకర్ ఎక్కితే టక్కుమని శబ్దం, స్టీరింగ్‌లో ప్లే (వదులు). ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) టైం దగ్గర పడుతోంది కదా, అప్పుడు అన్నీ కలిపి చేయిద్దాం అనుకుంటుండగానే మార్కెట్ యార్డులో బండి వెనక్కి తీస్తుంటే బాల్ సాకెట్లోంచి ఊడిపోయింది. ఒక చక్రం అటు, ఇంకో చక్రం ఇటు తిరిగి నిలబడ్డాయి. అక్కడ ఊడింది కాబట్టి సరిపోయింది.

మెకానిక్ ఫలానా షాపులో తెమ్మన్నాడు, అక్కడికే వెళ్ళాం.

"ఒరిజినలేనా అన్నా?"

"కంపెనీ సామాను సామీ. డబ్బా చూసుకో."

"బిల్లు ఇస్తావా?"

"బిల్లయితే పైన జీఎస్టీ కట్టాల. నీకెందుకు అదనం?"

ఈ మాట చాలా షాపుల్లో వింటుంటాం. ఇది పచ్చి అబద్ధం. డబ్బా మీద ముద్రించిన ఎమ్మార్పీలో అన్ని పన్నులూ కలిసే ఉంటాయి. బిల్లు అడిగినంత మాత్రాన దాని మీద ఒక్క రూపాయి కూడా ఎక్కువ తీసుకోకూడదు. కొందరు ఇప్పటికీ 28 శాతం అని భయపెడుతున్నారు. ఆటో పార్టుల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతమే. మా వాడు పట్టుబట్టాక చివరికి ఒక చీటీ మీద బండి మోడల్, పార్టు పేరు, ధర రాసి స్టాంపు కొట్టి ఇచ్చాడు. డబ్బు ఫోన్‌పేలో కట్టాం.

మెకానిక్ గంటలోపే బిగించేశాడు. "అలైన్‌మెంట్ వద్దులే, మరలు లెక్కపెట్టి పాతది ఎంత ఉందో అంతే ఎక్కించినా" అన్నాడు. పాత పార్టు ఎంత లోపలికి ఎక్కిందో చూసుకుని కొత్తదాన్నీ అంతే ఎక్కించడం మంచి పద్ధతే. కానీ అది బండిని అలైన్‌మెంట్ షాపు దాకా తీసుకెళ్ళడానికి సరిపోతుంది, అంతే. టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తేడా ఉంటే కొత్త టైరు కూడా కొద్ది రోజుల్లోనే ఒకవైపు అరిగిపోతుంది. ఇలాంటి సలహా విని టైర్లు పోగొట్టుకున్న బండ్లు ఎన్నో.

కొద్ది రోజులకే స్టీరింగ్ మళ్ళీ వదులైంది. రేణిగుంట రోడ్డు వైపు ఒక అలైన్‌మెంట్ షాపుకు తీసుకెళ్ళాం. ఆయన బండి కిందికి దూరి, ఒక్క నిమిషంలో బయటికొచ్చి, "దీనికి అలైన్‌మెంట్ చేయను. ముందు ఇది ఎవరు బిగించారో వాళ్ళ దగ్గరికి పొండి" అన్నాడు. పని వచ్చిందని డబ్బు తీసుకుని పంపేయవచ్చు, కానీ ఆయన ఆ పని చేయలేదు. టార్చి వేసి చూపించాడు. నట్టు కింద ఒక మందపాటి వాషర్ ఉంది. స్ప్లిట్ పిన్ లేదు.

ఆయన చెప్పింది, తర్వాత నేను ఇంకో ఇద్దరు మేస్త్రీలను అడిగి తెలుసుకున్నది కలిపి రాస్తున్నాను. టైరాడ్ ఎండ్‌లో బాల్‌కు అతుక్కుని ఉండే స్టడ్ ముల్లంగిలా ఒకవైపు లావుగా, కొసకు సన్నగా ఉంటుంది. దీన్నే టేపర్ అంటారు. చక్రాన్ని మోసి తిప్పే ఇనుప భాగం నకిల్, దాని ఆర్మ్‌లో రంధ్రం కూడా సరిగ్గా అదే వాలుతో ఉంటుంది. రెండూ ఒకదానిలో ఒకటి బిగుసుకుని కూర్చోవడం వల్లే ఆ జాయింట్ నిలుస్తుంది. నట్టు పని స్టడ్‌ను లోపలికి లాగి పట్టుకోవడం. స్ప్లిట్ పిన్ పని ఆ నట్టు తిరిగి వదులు కాకుండా చూడడం.

వేరే మోడల్ స్టడ్ కాస్త సన్నగా ఉందనుకోండి. అది రంధ్రంలో ఉండాల్సినదానికంటే లోపలికి దిగిపోతుంది. నట్టు మరలు అయిపోతాయి కానీ బిగువు రాదు. పిన్ రంధ్రం నట్టు దాటి పైకి వెళ్ళిపోతుంది. అప్పుడే వాషర్ వేస్తారు. చేతికి బిగుతుగానే అనిపిస్తుంది. కానీ స్టడ్ రంధ్రం మొత్తానికి ఆనుకోకుండా ఏదో ఒక అంచు మీద నిలుస్తుంది. లోడుతో గుంటలో పడినప్పుడల్లా కొంచెం కొంచెం కదిలి రంధ్రాన్ని కోలగా అరగదీస్తుంది. మా నకిల్ అలాగే పాడైంది. ఇక ఒరిజినల్ టైరాడ్ ఎండ్ తెచ్చి వేసినా అందులో నిలవదు. వందల్లో పోయే పని వేలల్లోకి పోయింది. డబ్బు సంగతి అటుంచండి, ఆ జాయింట్‌తోనే మా వాడు లోడుతో ఘాట్ దిగాడు.

కాబట్టి కొనేటప్పుడు పాత పార్టు చేతిలో పెట్టుకుని వెళ్ళండి. స్టడ్ పొడవు, లావు, మరల సైజు పక్కపక్కన పెట్టి చూడండి. చాలా బండ్లకు కుడి ఎడమలు వేరుగా ఉంటాయి, "రెండిటికీ ఇదే సామీ" అంటే నమ్మొద్దు. డబ్బా మీద తయారీదారు పేరు, చిరునామా, తయారైన నెల, సంవత్సరం, ఎమ్మార్పీ, కస్టమర్ కేర్ నంబరు ఉండాలి. ప్యాక్ చేసి అమ్మే సామానుకు చట్టం ప్రకారం ఇవి తప్పనిసరి. మా డబ్బా మీద బండి పేరు పెద్దక్షరాల్లో ఉంది, తయారీ నెల లేదు, ఎమ్మార్పీ మీద ఇంకో స్టిక్కర్ అంటించి ఉంది.

బిగించేటప్పుడు పక్కనే నిలబడండి. టీ తాగి రమ్మంటే టీ అక్కడికే తెప్పించుకోండి. నట్టు వేయకముందు స్టడ్‌ను రంధ్రంలోకి చేత్తో నొక్కి ఆడించి చూడమనండి. కదలకూడదు. నట్టు పూర్తిగా బిగిశాక పిన్ రంధ్రం నట్టు గాడికి ఎదురుగా రావాలి. కాస్త తేడా ఉంటే ఇంకొంచెం బిగించి గాడిని కలపాలి తప్ప వెనక్కి తిప్పకూడదు. పిన్ కొత్తది వేయాలి, పాతది వంచి మళ్ళీ దూర్చడం కాదు. కొన్ని పార్టులకు పిన్ బదులు లాక్ నట్టు వస్తుంది, అప్పుడు డబ్బాలో వచ్చిన కొత్త నట్టే వాడాలి.

ఇంట్లో చూసుకోవడం తేలికే. ముందు చక్రం జాకీ మీద లేపి, కింద స్టాండ్ పెట్టి, టైరును కుడి ఎడమ అంచుల దగ్గర పట్టుకుని అటూ ఇటూ ఆడించండి. ఇంకొకరు టైరాడ్ ఎండ్ మీద చేయి పెడితే, వదులుంటే వేళ్ళకు తెలిసిపోతుంది. పైనా కిందా పట్టుకుని ఆడిస్తే కదిలేది వేరే, అది బేరింగో బాల్ జాయింటో. ఈ తేడా తెలిస్తే "స్టీరింగ్ బాక్సే పోయింది, మొత్తం మార్చాల" అనేవాళ్ళ దగ్గర కూడా జేబు నిలుస్తుంది.

షాపాయన దగ్గరికి వెళితే "బిగించిన సామాను వాపసు తీసుకోం, మెకానిక్‌ని అడగండి" అన్నాడు. మెకానిక్ "నాకిచ్చిన సామాను బిగించినా, షాపోడిని అడగండి" అన్నాడు. సరే, ఇద్దరినీ అడుగుతున్నాం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాం. ఇక్కడ చాలామందికి ఒక అనుమానం ఉంటుంది: సరుకు బండి కదా, వ్యాపారం కింద లెక్కేసి కేసు తీసుకోరేమో అని. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసం బండి నడుపుకునేవాళ్ళు కూడా వినియోగదారులే. 5 లక్షల లోపు కొనుగోలుకు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు లేదు. కేసు రెండేళ్ళలోపు వేయాలి.

ఇప్పుడు పార్టు డబ్బు ఇచ్చేస్తామని షాపు నుంచి ఫోన్ వచ్చింది. నకిల్ ఖర్చు మాత్రం ఇవ్వరట. మేం ఒప్పుకోలేదు. చీటీ, ఫోన్‌పే రసీదు, డబ్బా, వాషర్‌తో సహా ఆ పార్టు, అలైన్‌మెంట్ షాపాయన రాసిచ్చిన కాగితం అన్నీ జతచేసి కమిషన్‌లో వేస్తున్నాం. అందాకా షాపు పేరు ఇక్కడ రాయను, కామెంట్లలో అడగొద్దు.