జెయింట్ బబుల్స్ కిట్ కొంటున్నారా? ముందు సీసా వెనకవైపు ఫొటో అడగండి

ఇన్‌స్టాలోనూ, మన ఊరి వాట్సాప్ గ్రూపుల్లోనూ తిరుగుతున్న "జెయింట్ బబుల్స్ కిట్" (పిల్లలు పెద్ద పెద్ద సబ్బు బుడగలు చేసుకునే సరంజామా) కోసం డబ్బులు పంపబోతున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. విజయనగరంలో మా అపార్ట్‌మెంట్ పిల్లల కోసం నేను ఆ కిట్ తెప్పించాను. సీసా మీద తయారుచేసినవాళ్ల పేరు లేదు, అడ్రసు లేదు, లోపల ఏముందో రాసి లేదు. పొడి ప్యాకెట్‌లో వెలిగారం (బోరాక్స్) కలిపారని తర్వాత అమ్మినవాళ్లే ఒప్పుకున్నారు. పిల్లల్లో ఇద్దరికి చేతులు ఎర్రబడి దద్దుర్లు తేలాయి. ఇప్పుడు తగ్గాయి, పిల్లలు బాగానే ఉన్నారు.

అమ్మినవాళ్ల పేరు ఇక్కడ రాయట్లేదు. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. పేరు రాసినా మీకు పెద్దగా ఉపయోగం ఉండదు, ఈ సరుకు రేపు ఇంకో స్టిక్కరుతో ఇంకో పేజీలో కనిపిస్తుంది. పేరు కన్నా గుర్తులు తెలిస్తే మేలు.

కిట్ ఖరీదు 749 రూపాయలు, కొరియర్ ఖర్చు వేరే. అట్టపెట్టెలో అర లీటరు నీలం రంగు సీసా, ఒక తెల్లపొడి ప్యాకెట్, రెండు ప్లాస్టిక్ పుల్లలకు కట్టిన తాడు ఉన్నాయి. ముందువైపు ఏనుగు బొమ్మ, దాని పక్కన "నూటికి నూరు శాతం నాన్ టాక్సిక్", "టియర్ ఫ్రీ" అని పెద్దక్షరాలు. ప్రకటనలో పెట్టిన ఫొటోలన్నీ ఈ ముందువైపువే. వెనక ఏమీ లేదు. ఎమ్మార్పీ లేదు, తయారైన నెల లేదు, కస్టమర్ కేర్ నంబరూ లేదు. బిల్లు అడిగితే "యూపీఐ స్క్రీన్‌షాటే బిల్లు మేడమ్" అన్నారు.

తాడు సంగతి ముందు చెప్పేస్తాను, అది చిన్నది. నైలాన్ తాడు ఇచ్చారు. నైలాన్ నీళ్లు పట్టదు. పెద్ద బుడగ రావాలంటే తాడు ద్రవాన్ని బాగా పీల్చుకుని, పొర సాగుతున్నకొద్దీ వదులుతూ ఉండాలి. నూలు తాడైతేనే ఆ పని చేస్తుంది. ఫ్యాన్సీ షాపుల్లో దొరికే లంగా బొందు కట్టుకున్నా దీనికంటే నయం.

అసలు గొడవ సీసాతో మొదలైంది. మూత తియ్యగానే వాసన. కింది ఫ్లాట్ మామ్మగారు మెట్ల దగ్గర్నుంచే "ఏటమ్మా అది, పులిసిపోయిన గంజినాగ కంపు కొడతంది" అన్నారు. నీళ్లతో చేసిన సబ్బు ద్రవంలో సరైన ప్రిజర్వేటివ్ లేకపోతే, మన ఎండల్లో గోడౌన్‌లోనో కొరియర్ వ్యానులోనో పడి ఉంటే, బ్యాక్టీరియా పెరుగుతుంది. సబ్బులో క్రిములు బతకవనుకోవడం పొరపాటు. యూరప్‌లో పిల్లల బబుల్ సీసాలను సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా ఉందని మార్కెట్ నుంచి వెనక్కి తీయించిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఆ సీసా నేను అక్కడికక్కడే మూసేసి పక్కన పెట్టాను. సరే, పొడి ప్యాకెట్ విడిగా ఉంది కదా, మన ఇంటి విమ్ లిక్విడ్‌తో కలుపుకుందామన్నారు పిల్లలు. ప్యాకెట్ మీద "బబుల్ పౌడర్ (గ్వార్)" అని ఉంది.

గ్వార్ గమ్ అంటే మనం కూర వండుకునే గోరుచిక్కుడు గింజల లోపలి భాగం నుంచి తీసే పొడి. రాజస్థాన్‌లో విపరీతంగా పండుతుంది, ఐస్‌క్రీముల్లో, సాసుల్లో చిక్కదనానికి వాడతారు. అందుకే దాని గురించి నాకు అనుమానం లేదు, ప్రతి వేసవికీ మేం వాడేదే. గోరువెచ్చని నీళ్లలో వేసి కలిపితే పల్చగా, కొంచెం జారుడుగా అవ్వాలి. ఇది అలా కాలేదు. చూస్తుండగానే గడ్డకట్టి జెల్లీ అయిపోయింది. గరిటె ఎత్తితే మొత్తం ముద్దగా లేచింది. పిల్లలకేం, బుడగలు రాకపోతే స్లైమ్ వచ్చిందని సంబరపడి చేతులతో పిసికేశారు. కాసేపటికి మా ఆడపడుచు కొడుకు వచ్చి "అత్తా, చేతులు దురదెట్టేస్తన్నాయి" అన్నాడు. తర్వాత పక్క ఫ్లాట్ పాప.

గ్వార్ గమ్ నీళ్లలో వెలిగారం, అంటే బోరాక్స్, పడితే జరిగేది సరిగ్గా ఇదే. గ్వార్‌లో ఉండే పొడుగాటి అణువులను బోరాక్స్ ఒకదానితో ఒకటి కట్టేస్తుంది. చమురు బావుల్లో రాతిని చీల్చడానికి పంపే జెల్లీని కూడా ఈ పద్ధతిలోనే చేస్తారు. పెద్ద బుడగకి మాత్రం ఆ కట్టుడు పనికిరాదు. సబ్బు నీటి తలతన్యతను, అంటే పైపొర బిగువును, తగ్గిస్తుంది, గ్వార్ అణువులు విడివిడిగా ఉండి చిక్కుపడుతూ పొరను సాగనిస్తాయి. కట్టిపడేస్తే ఇంక సాగడానికి ఏముంటుంది? అంటే బుడగల పొడిలో వెలిగారం కలపడం ప్రమాదమే కాదు, పనికిమాలిన పని కూడా. స్లైమ్ పొడి మిగిలిపోతే బుడగల పొడిగా ప్యాక్ చేసి అమ్మారేమో అని నా అనుమానం. అది అనుమానమే, రుజువు లేదు.

వెలిగారం మనకి కొత్త వస్తువు కాదు. కంసాలివాళ్లు బంగారం అతకడానికి వాడతారు. క్యారమ్ బోర్డు మీద చల్లే బోరిక్ పౌడరు దీనికి దగ్గర చుట్టమే. అందుకని "అదేం చేస్తుందిలే" అనే పెద్దవాళ్లు మన ఇళ్లలో చాలామంది ఉన్నారు. యూరప్‌లో బోరాక్స్‌ని సంతానోత్పత్తికి హాని చేసే పదార్థాల జాబితాలో పెట్టారు. పిల్లల బొమ్మల నుంచి, స్లైమ్ నుంచి బోరాక్స్‌లో ఉండే బోరాన్ ఎంత బయటికి రావచ్చో పరిమితి కూడా ఉంది. చేతికి కాస్త తగిలితే ప్రాణం మీదికి రాదు. కానీ పిల్లలు ఆ చేతులతోనే కళ్లు నులుముకుంటారు, ఆ చేతులతోనే జంతికలు తింటారు. కడుపులోకి వెళితే వాంతులు, విరేచనాలు అవుతాయి.

చేతులు ధారగా పారే నీళ్ల కింద బాగా కడిగించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన మొదట అడిగిందే "ఏం తగిలింది? సీసా తెచ్చారా?" అని. తెచ్చాం. తిప్పి తిప్పి చూశారు. "ఇందులో ఏమీ రాయలేదు, నేనేం అనుకోవాలి?" అన్నారు. అప్పటికి వెలిగారం సంగతి మాకూ ఖాయంగా తెలీదు. చర్మం చూసి మందు రాసిచ్చారు, కళ్లలో పడిందా, ఎవరైనా మింగారా అని మళ్లీ మళ్లీ అడిగారు. మింగి ఉంటే? ఆ ప్రశ్న దగ్గరే నాకు కాళ్లు వణికాయి. లోపల ఏముందో రాయని సీసా చేతిలో ఉంటే డాక్టరుకి కూడా దారి దొరకదు. దద్దుర్ల కన్నా నాకు కోపం తెప్పించింది ఇదే.

అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే ముందు మా నీళ్ల మీదికి నెట్టారు. "మీది బోరు నీళ్లయి ఉంటాయి మేడమ్, అందరూ సూపర్ అంటున్నారు" అని. బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువైతే బుడగలు సరిగా రాకపోవచ్చు, ఒప్పుకుంటాను. గడ్డ మాత్రం కట్టదు. గట్టిగా అడిగితే, "కొంచెం వెలిగారం కలుపుతాం, స్లైమ్‌లో అందరూ వేస్తారు కదా, మీరు మరీ చేస్తన్నారు" అన్నారు. లోపల ఏమేం ఉన్నాయో రాసి పంపమని మెసేజ్ పెట్టాను. బ్లాక్ చేశారు.

ఇప్పుడు కొనేవాళ్లు ఏం చూడాలో చెప్తాను. ప్యాకెట్‌లో పెట్టి అమ్మే వస్తువు మీద తయారీదారు లేదా ప్యాక్ చేసినవాళ్ల పేరు, అడ్రసు, ఎంత పరిమాణం ఉంది, ఎమ్మార్పీ, తయారైన నెల, సంవత్సరం, ఫిర్యాదు చేయడానికి నంబరు ఉండాలని 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ చెప్తున్నాయి. బయటి దేశం సరుకైతే ఏ దేశానిదో కూడా రాయాలి. ఇంకోటి, 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకోవడానికని చేసిన వస్తువులకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. ముద్ర కింద లైసెన్సు నంబరు ఉంటుంది. దాన్ని భారత ప్రమాణాల సంస్థవాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అసలుదో కాదో తేలిపోతుంది. ముద్ర బొమ్మ అచ్చేసుకోవడం ఎవరికైనా తేలికే, నంబరు చూడండి. ఆన్‌లైన్‌లో కొంటుంటే "వెనకవైపు ఫొటో పంపండి" అని అడగండి. ఎవరైనా నసిగితే అక్కడితో వదిలేయండి. "నాన్ టాక్సిక్" అని ముందు రాసుకోవడానికి సిరా ఉన్నవాళ్లకి వెనక నాలుగు లైన్లు రాయడానికి లేకుండా పోతుందా?

దసరా వెళ్లిన మంగళవారం మా విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను పండగ. గంటస్తంభం, మూడులాంతర్ల వైపు ఆ జనంలో బుడగలు ఊదుకుంటూ తిరిగేవాళ్లు బోలెడుమంది ఉంటారు. వాళ్లందరినీ అనుమానించమని నేను అనట్లేదు, పొట్టకూటికి వచ్చినవాళ్లు. కానీ పేరులేని రీఫిల్ సీసాలు, లూజు ద్రవం చిన్నపిల్లల చేతికి ఇవ్వకండి. లూజుగా అమ్మే గిన్నెల లిక్విడ్ కూడా బుడగలకి వాడొద్దు. దాన్ని ఉప్పుతో చిక్కబరిచి అమ్మడం ఉంది. చూడ్డానికి చిక్కగా ఉంటుంది, సబ్బు ఎంతుందో తెలీదు. అందులో వేసే యాసిడ్ స్లర్రీ (సబ్బు ద్రవానికి ముడిసరుకు), కాస్టిక్ సోడా సరిపాళ్లలో కలవకపోతే చేతులు మండుతాయి.

అసలు ఈ కిట్టే అక్కర్లేదు. కొలత చెప్తాను, అమెరికాలో అట్లాంటాలోని ఎమరీ యూనివర్సిటీ భౌతికశాస్త్రవేత్తలు 2020లో చెప్పిన దానికి దగ్గరగా ఉంటుంది. లీటరు వేడినీళ్లు, 50 మిల్లీలీటర్ల పేరున్న కంపెనీ గిన్నెల లిక్విడ్, 2 నుంచి 3 గ్రాముల గ్వార్ గమ్, 2 గ్రాముల బేకింగ్ పౌడరు. వాళ్లు పొడిని ముందు స్పిరిట్‌లో తడిపారు. పిల్లలున్న చోట స్పిరిట్ ఎందుకని నేను రెండు చెంచాల గ్లిజరిన్‌లో కలుపుతాను. అలా తడపకుండా నేరుగా నీళ్లలో పోస్తే ఉండలు కడుతుంది, ఆ ఉండలు ఇక విడవవు. గ్లిజరిన్ మెడికల్ షాపులో, సీసా మీద ఐపీ (ఇండియన్ ఫార్మకోపియా, అంటే మందుల ప్రమాణం) అని ఉన్నదే తీసుకోండి. పెయింట్ల షాపుల్లో, కెమికల్ షాపుల్లో దొరికే చవకరకం వద్దు. గ్వార్ గమ్ కేకు సామాన్లు అమ్మే షాపుల్లో అడిగి చూడండి, తినే రకం అని రాసి ఉండాలి. నీళ్లు ఫిల్టరువైతే మంచిది. సబ్బు చివర్లో వేసి, నురగ రాకుండా మెల్లగా తిప్పి, కొన్ని గంటలు కదపకుండా ఉంచండి. నురగ ఉంటే పెద్ద బుడగ నిలవదు.

ఆ శాస్త్రవేత్తలు చెప్పిన ఇంకో ముచ్చట నాకు భలే నచ్చింది. పొడుగు అణువులూ పొట్టి అణువులూ కలిసి ఉంటే పొర ఇంకా బాగా సాగుతుందట. అందుకే డబ్బాలో మిగిలిన పాత పొడిని పారేయకుండా కొత్తదాంతో కలిపి వేస్తున్నాను. మిగిలిన ద్రవాన్ని మాత్రం దాచకండి. మన వేడికి రెండోరోజుకే వాసన వస్తుంది.

ఆడించడానికి మిట్టమధ్యాహ్నం పనికిరాదు, పొర ఆరిపోయి పగిలిపోతుంది. సాయంత్రం, వాన వెలిసి గాలి తేమగా ఉన్నప్పుడైతే పండగే. సముద్రపు గాలి జోరుగా ఉంటే బుడగ తాడు వదలకముందే చీలిపోతుంది కాబట్టి భోగాపురం బీచ్‌కి, కళింగపట్నం బీచ్‌కి మోసుకెళ్లి నిరాశపడకండి. టైల్స్ మీద ఆడించొద్దు, జారి పడతారు. గడ్డి మీదో మట్టి మీదో నయం. కంట్లో పడితే నులమనివ్వకుండా 15 నిమిషాలు మంచినీళ్లతో కడగాలి. ఎవరైనా మింగితే వాంతి చేయించకండి, నురగ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సీసా పట్టుకుని నేరుగా ఆస్పత్రికి వెళ్లండి.

ఇలాంటి కిట్ ఇప్పటికే కొన్నవాళ్లకి ఒక మాట. ద్రవం పారబోసినా సీసా, ప్యాకెట్, కొరియర్ కవరు, యూపీఐ స్క్రీన్‌షాటు, చాట్ పారేయొద్దు. బ్లాక్ చెయ్యకముందే చాట్ మొత్తం ఫొటోలు తీసుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడి ఫిర్యాదు నంబరు ఇచ్చారు. ప్యాకెట్ మీద వివరాలు లేనందుకు తూనికలు కొలతల శాఖకి విడిగా రాసిచ్చాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, విజయనగరంలోనూ శ్రీకాకుళంలోనూ. 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, వకీలు లేకుండా మనమే వేసుకోవచ్చు. 749 రూపాయల కోసం ఎవరు తిరుగుతారని మా ఇంట్లోనూ అన్నారు. నేను తిరుగుతున్నాను. నీలం సీసా, ఏనుగు బొమ్మ, తెల్లపొడి ప్యాకెట్ మీ ఇంటికీ వచ్చి ఉంటే మీరూ ఫిర్యాదు పెట్టి నంబరు తీసుకోండి. ఒక్కరి ఫిర్యాదు కన్నా నాలుగైదు ఒకేచోట చేరితే వాళ్లని పట్టుకోవడం తేలిక.