మారతహళ్ళిలో ఇంటికి వచ్చే పాలియేటివ్ నర్సింగ్ సేవ: మలబద్ధకం విషయంలో మేము చూసినది

క్యాన్సర్ ముదిరి మంచం పట్టిన మా మామగారి కోసం ఈ సంస్థ పాలియేటివ్ సేవలు, అంటే తీవ్రమైన జబ్బుతో ఉన్నవారి బాధను తగ్గించే సేవలు, తీసుకున్నాము. నొప్పికి మందిచ్చే వారు బెంగళూరులో చాలామందే ఉన్నారు గాని, రోగిని నొప్పికి దీటుగా వేధించే మలబద్ధకాన్ని ఇంత శ్రద్ధగా పట్టించుకున్న వారిని మేము చూడలేదు.

చింతామణి వైపు నుంచి వచ్చిన నర్సు చక్కటి తెలుగులో మాట్లాడుతూ, ముందుగా మందులన్నీ తెప్పించి ఒక్కొక్కటే పరిశీలించారు. నొప్పికి ఇచ్చే మార్ఫిన్ పేగుల కదలికను మందగింపజేస్తుందనీ, దానివల్ల కలిగే మగత, వికారం కొన్నాళ్ళకు తగ్గినా మలబద్ధకం మాత్రం సాధారణంగా మందు వాడినంత కాలం ఉంటుందనీ, అందుచేత తొలిరోజు నుంచే విరేచనం సాఫీగా కావడానికి కూడా మందు వేయాలనీ వివరించారు. వాంతులకు ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్, రక్తహీనతకు ఇచ్చే ఐరన్ మాత్రలు కూడా మలబద్ధకాన్ని పెంచుతాయని అంతకుముందు మాకు ఎవరూ చెప్పలేదు. తిండీ నీరూ తగ్గడం, కదలిక లేకపోవడం ఎవరికైనా తట్టే కారణాలే. రక్తంలో కాల్షియం పెరిగినా, వెన్నుపాము మీద ఒత్తిడి పడినా, కణితి పేగుకు అడ్డుపడినా ఇదే లక్షణం కనబడుతుంది కనుక, ఆమె పొట్ట తడిమి చూసి, డాక్టరుగారితో మాట్లాడి రక్తపరీక్ష రాయించారు.

చుట్టాలు సూచించిన ఇసబ్‌గోల్‌ను, తగినన్ని నీళ్ళు తాగలేని రోగికి అది లోపలే గడ్డకట్టవచ్చని వద్దన్నారు. గట్టిపడిన మలం పక్కనుంచి నీళ్ళలా కారడం చూసి విరేచనాలనుకుని, అవి తగ్గే మాత్ర వేయవద్దన్న హెచ్చరిక, ఇంట్లో రోగిని చూసుకునే వారందరికీ తెలియవలసినది.

అన్నిటికన్నా నాకు నచ్చినది మరొకటి. మామగారు కోడలినైన నా ముందు ఈ మాట ఎత్తేవారు కాదు; బెడ్‌పాన్ అడగడానికి సిగ్గుపడి ఆపుకునేవారు. ఆ బిడియం కూడా ఒక కారణమేనని గ్రహించి, కమోడ్ కుర్చీని అద్దెకు ఇప్పించి, పురుష సహాయకుడిని పంపి, తలుపు వేసి ఆయనను కాసేపు ఒంటరిగా వదలమన్నారు. ఆ తరువాత మందుల మోతాదు పెంచవలసిన అవసరం రాలేదు.

లోపాలూ ఉన్నాయి. కుర్చీ అద్దె ఎక్కువ. ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ వల్ల సాయంత్రం రావలసిన వారు తరచూ రాత్రికి చేరేవారు. ఆదివారాలు ఫోనులో సలహా మాత్రమే దొరుకుతుంది కాబట్టి, ఎనిమా వంటి అవసరం ఉన్నవారు శనివారమే మాట్లాడి పెట్టుకోవాలి.