బోర్డు మీద పాలమూరు, ప్లేటులో ఎంత?

హైదరాబాద్ నుంచి వనపర్తి పోయే దారిలో, జడ్చర్ల రాకముందే హైవే పక్కన కొత్తగా ఒక హోటల్ పెట్టారు. బోర్డు మీద మహబూబ్‌నగర్ పాత పేరే పెద్ద అక్షరాల్లో ఉంది: పాలమూరు. కింద చిన్నగా ‘మన దిక్కు తిండి’. ఆ ముక్క చదివే మా ఆయన బండి పక్కకు తీశాడు. ఇట్లాంటి మాటలకు మేం తొందరగా పడిపోతాం.

ముందు రొట్టె సంగతి. జొన్నరొట్టె బాగుంది, అందులో మాట లేదు. వంటగదికి అద్దం పెట్టారు, అన్నీ కనబడతాయి. ఒకామె పీట మీద చేత్తోనే కొడుతోంది, కర్ర ముట్టలేదు. పెనం మీద వేసి, పైన తడిచేత్తో నీళ్లు పూసి, తిప్పి, చివర్లో మంటకు చూపితే బుస్సున పొంగింది. అంచు ఎక్కడా పగల్లేదు. పిండి పాతబడితే చేదు తగులుతుంది, ఇక్కడ తగల్లేదు. పుంటికూర పప్పు, పల్లీల పొడి రొట్టెకు బాగా కుదిరాయి. నాటుకోడి మామూలే, మసాలా ఎక్కువ.

పచ్చిపులుసు మాత్రం పొగలు కక్కుతూ వచ్చింది! చింతపండు పిసికి, కాల్చిన మిరపకాయలు నలిపి, ఉల్లిగడ్డ, నువ్వుల పొడి వేసి, పొయ్యి మొహం చూపించకుండా చేసేది అది. దాన్ని మరగబెట్టి చారుపొడి వేశారు. వడ్డించే పిల్లాణ్ని అడిగితే “చల్లగుంటే సిటీవాళ్లు వాపస్ పంపుతున్నరు మేడం” అన్నాడు.

కౌంటర్ దగ్గరాయన నయం. “ఏ దిక్కోళ్లక్కా మీరు?” అన్నాడు. “వనపర్తి దిక్కు.” “అరె, మన పాలమూరోళ్లే! మాది కల్వకుర్తి.” కాగితాల్లో చూస్తే ఇద్దరిదీ మహబూబ్‌నగర్ జిల్లా కాదు. 2016లో విడగొట్టినప్పుడు మాది వనపర్తి జిల్లా అయింది, కల్వకుర్తి నాగర్‌కర్నూల్‌లోకి పోయింది, గద్వాల వేరైంది. 2019లో నారాయణపేట కూడా వేరుపడింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరిట 1890లో పెట్టిన పేరు ఇప్పుడు ఒక్క ముక్కకే మిగిలింది. పాత పేరులో మాత్రం అయిదు జిల్లాలూ ఇముడుతున్నాయి. పెళ్లి సంబంధాల్లో, బస్టాండులో, హైదరాబాద్ అడ్డాల మీద అందరం పాలమూరోళ్లమే. అందుకే బోర్డు మీద ఆ పేరు పెట్టడం తెలివైన పని, నాకేం అభ్యంతరం లేదు.

నాకు మండింది మెనూలో ఒక పేరు చూసి: ‘గుంపు మేస్త్రీ థాలీ’. గుంపు మేస్త్రీ అంటే కూలీలను గుంపుగా పనికి తోలుకుపోయేవాడు. మా నాయన ఆ మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ పట్టి డ్యాముల పనికి పోయేవాడు. అది తీరేదాకా, ఇంట్లో చావైనా సరే, మేస్త్రీ వదిలితేనే రావాలి. అక్కడ వీళ్లను పేరు పెట్టి పిలిచినవాడు లేడు, అందరూ కలిపి ‘పాలమూరు లేబర్’. ఇప్పుడు అదే మాట హోటల్ గోడ మీద, తట్టలు మోసే ఆడవాళ్ల బొమ్మ కింద ముద్దుగా రాసుంది. సరే, బొమ్మ వరకు ఓర్చుకుంటా, మనవాళ్ల కష్టమే కదా. మేస్త్రీ పేరు పెట్టి బగారన్నం, మటన్, బోటి అమ్ముకునుడేంది? కౌంటర్ ఆయనతో అంటే నవ్వాడు. “పిల్లలు పెట్టిన పేరక్కా, మంచిగ పోతున్నది.” వాళ్లింట్లో అడ్వాన్స్ పట్టినోళ్లు ఉండి ఉండరు.

పోయేవాళ్లకు రెండు మాటలు. థాలీ ఇద్దరికి సరిపోతుంది కానీ రొట్టె ఒక్కటే ఇస్తారు, మిగతావి విడిగా చెప్పుకోండి. రొట్టె కొట్టేది ఒక్కతే, రద్దీ ఉంటే ఆగాల్సిందే. బాత్రూంలు శుభ్రంగా ఉన్నాయి. పార్కింగ్‌కు ఇబ్బంది లేదు. అయిదుకు మూడిస్తున్నా. మెనూలోంచి మేస్త్రీని తీసేసి, పులుసును పొయ్యి మీంచి దింపితే నాలుగున్నర.