పొయ్యి పక్కన నిలబడి తిన్న బేగెల్

కెనడాలో టొరంటో చుట్టుపక్కల ఉన్నవాళ్లకు మాంట్రియల్ వెళ్తున్నామని చెప్తే చాలు, "బేగెల్స్ తెచ్చిపెట్టండి" అంటారు. బేగెల్ అంటే మధ్యలో చిల్లుండే గుండ్రటి రొట్టె. మొన్న అక్టోబరులో మేం బయల్దేరేసరికి అలాంటి ఆర్డర్లు నాలుగు డజన్లకు తేలాయి. ఐదేళ్లుగా టొరంటో పక్కనే ఉన్న మిస్సిసాగాలో ఉంటున్నా, నాకు తెలిసిన బేగెల్ ఆఫీసు క్యాంటీన్‌లో కాల్చి క్రీమ్ చీజ్ రాసిచ్చేదే. నమిలి నమిలి దవడలు నొప్పి పుట్టడం తప్ప దాంట్లో గొప్పేమిటో ఎప్పుడూ అర్థం కాలేదు. టొరంటో నుంచి 540 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ బేగెల్‌కు అంత పేరెందుకు వచ్చిందో చూడాలని నేనే పట్టుబట్టాను. మా ఆయన, నేను, తెనాలి నుంచి వచ్చిన అమ్మ, కారులో పులిహోర డబ్బాతో బయల్దేరాం.

బస గురించి ముందే చెప్పేస్తాను. మొదటి రాత్రి డౌన్‌టౌన్‌లో ఒక హోటల్లో దిగాం. కారు పార్కింగ్‌కు విడిగా కట్టాలని బుకింగ్ అప్పుడు ఎక్కడా కనిపించలేదు, బిల్లులో కనిపించింది. పొద్దున ఫలహారంలో బేగెల్ పెట్టారు గానీ అది ప్యాకెట్‌లోంచి తీసింది. రెండో రోజు లోరియే మెట్రో స్టేషన్ దగ్గర వంటగది ఉన్న చిన్న అపార్ట్‌మెంట్‌కు మారాం. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు నేను ఇదే చెప్తాను. రాత్రిపూట ఇంత అన్నం, చారు పెట్టుకోగలిగితే పగలంతా ఎక్కడ తిరిగినా అమ్మకు ఇబ్బంది ఉండదు. బేగెల్ కొట్లున్న మైల్ ఎండ్ పేట అక్కడికి పావుగంట, ఇరవై నిమిషాల నడక.

ఆ నడక కూడా బాగుంటుంది. ఇళ్లన్నిటికీ బయటివైపు మెలికలు తిరిగిన ఇనప మెట్లు. నల్ల కోటు, టోపీ పెట్టుకున్న హసిడిక్ యూదుల (మత నియమాలు గట్టిగా పాటించే యూదుల) పిల్లలు సైకిళ్ల మీద పోతూ కనిపిస్తారు. సెయింట్ వియాటర్ వీధిలోకి తిరగ్గానే అమ్మ ఆగిపోయింది. "కట్టెల పొయ్యి వాసన" అంది. నాకు ఇంకా ఏమీ తెలియలేదు. నాలుగు అడుగులు వేశాక నాకూ తగిలింది, పొగతో పాటు వేగిన నువ్వుల వాసన.

సెయింట్ వియాటర్ బేగెల్ కొట్టు చూడ్డానికి చాలా మామూలుగా ఉంటుంది. కుర్చీలూ బల్లలూ వేసిన హోటల్ కాదు, బేగెల్స్ చేసి అమ్మే చోటు. లోపలికి వెళ్తే కౌంటర్, దాని వెనకాలే పని మొత్తం కళ్ల ముందు. పిండి ముద్దలోంచి ఒక పట్టీ కోసి, తాడులా చేసి, నాలుగు వేళ్ల చుట్టూ చుట్టి, కొసలు కలిసేచోట అరచేత్తో బల్ల మీద ఒక్కసారి దొర్లిస్తే బేగెల్ అయిపోతుంది. అలా అయినవాటిని తేనె కలిపిన మరిగే నీళ్లలో వేస్తారు. తీశాక నువ్వుల్లో పొర్లిస్తారు. ఆ పైన సన్నటి పొడవాటి చెక్క పలక మీద వరసగా పేర్చి కట్టెల పొయ్యిలోకి తోస్తారు. పొయ్యి దగ్గరున్న మనిషి ఆ పలకతోనే లోపల వాటిని తిప్పుతూ, ఎర్రబడ్డవాటిని బయటికి లాగుతూ ఉంటాడు. కాలినవి వచ్చి కౌంటర్ వైపు కుప్పగా పడతాయి.

ఉడికించి కాల్చడం న్యూయార్క్ బేగెల్‌కూ ఉంది. కానీ అది పెద్దగా, మెత్తగా ఉబ్బి ఉంటుంది, ఉప్పు తెలుస్తుంది, మధ్యకు కోసి ఏదో ఒకటి పెట్టి తినడానికి వీలుగా ఉంటుంది. మాంట్రియల్‌ది చిన్నది, సన్నది. మన గారె చిల్లు కన్నా దీని చిల్లు పెద్దది. సంప్రదాయంగా పిండిలో ఉప్పు వేయరు, తేనె నీళ్ల వల్ల పైన కాస్త తీపి పట్టుకుంటుంది.

ఆ కుప్పలోంచి తీసిన ఆరు బేగెల్స్‌ను కాగితం సంచిలో వేసిచ్చారు. ఒక్కోటి రెండు డాలర్ల లోపే. సంచి అడుగు అరచేతిని చురుక్కుమనిపించింది. బయట గోడ పక్కన నిలబడి ఒకటి తీసి తుంచాను. పైపొర పటపటమని విరిగింది, నువ్వులు జలజలా కోటు మీద రాలాయి, లోపల్నుంచి ఆవిరి వచ్చింది. పెళుసైన పొర కింద సాగే పిండి, అక్కడక్కడ నల్లగా మాడిన చోట చిరుచేదు, దాని వెనకాల తీపి. వెన్న గానీ చీజ్ గానీ ఏమీ లేకుండా రెండు తినేశాను. అయిదేళ్లు నేను తిన్నదాన్నీ దీన్నీ ఒకే పేరుతో పిలవడం అన్యాయం అనిపించింది.

అమ్మ తినలేదు. మాంట్రియల్ పద్ధతిలో పిండిలో గుడ్డు వేయడం ఆనవాయితీ అని చదివి ఆమెకు ముందే చెప్పాను. గుడ్డు తినని మన వాళ్లు చాలామంది రొట్టెలో ఏముంటుందిలే అనుకుని తినేస్తారు, కాబట్టి తప్పకుండా అడిగి తీసుకోండి. అమ్మ మాత్రం అరగంట సేపు లోపలే నిలబడి ఆ పొయ్యినే చూసింది. చిన్నప్పుడు వాళ్లింట్లో రోజూ కట్టెలు సర్దిన మనిషి. "సెగ ఒక పక్కే ఉంది, అందుకే అటూ ఇటూ మారుస్తున్నాడు" అని నాకు వివరించి చెప్పింది. నేను చదివిన ఏ రివ్యూలోనూ ఆ సంగతి లేదు.

ఈ కొట్టును 1957లో మొదలుపెట్టిన మైయర్ లెవ్కోవిచ్ బుకెన్‌వాల్డ్ నాజీ శిబిరం నుంచి బతికి బయటపడ్డ యూదుడు. 1962లో ఇక్కడ పనికి చేరిన ఇటాలియన్ కుటుంబపు కుర్రాడు జో మొరేనా తర్వాత యజమాని అయ్యాడు. తూర్పు యూరప్ యూదుల రొట్టెను ఒక ఇటాలియన్ కుటుంబం ఫ్రెంచి మాట్లాడే ఊళ్లో పద్ధతి చెడకుండా చేస్తోందంటే నాకు చాలా గౌరవంగా అనిపించింది.

అక్కడికి నాలుగు అడుగుల దూరంలోనే ఫెయిర్‌మౌంట్ బేగెల్ ఉంది. దాని వయసు ఇంకా ఎక్కువ. ఇసడోర్ ష్లాఫ్‌మన్ 1919లో మొదలుపెట్టాడు, ఇప్పుడున్న చోటికి 1949లో వచ్చింది. 2008లో గ్రెగ్ షామిటాఫ్ అనే వ్యోమగామి అంతరిక్ష కేంద్రానికి తీసుకెళ్లిన 18 నువ్వుల బేగెల్స్ ఇక్కడివే. ఏది గొప్పో ఆ ఊరివాళ్లే తేల్చుకోలేదు. నా నాలుకకు ఫెయిర్‌మౌంట్‌ది ఇంకాస్త తియ్యగా అనిపించింది, సెయింట్ వియాటర్‌ది నువ్వుల కమ్మదనంతో మనసుకు పట్టింది. రెండూ రాత్రి బాగా పొద్దుపోయేదాకా తెరిచే ఉంటాయి. ఎక్కడికి వెళ్లినా ఒకటే సలహా: రకాల పేర్లు చూడకండి, ఇప్పుడే పొయ్యిలోంచి ఏది వచ్చిందో అడిగి అదే తీసుకోండి.

ఇక ఇంటికి తెచ్చిన నాలుగు డజన్ల సంగతి. మర్నాటికే అవి గట్టిపడ్డాయి. సన్నటి రొట్టె, ఆ పైన కట్టెల సెగకు కాలింది, తేమ నిలవదు. నీళ్లు చిలకరించి ఓవెన్‌లో వేడి చేస్తే బాగానే ఉన్నాయి, మా ఆఫీసు క్యాంటీన్ కన్నా ఎన్నో రెట్లు నయం. కానీ గోడ పక్కన నిలబడి తిన్నది అది కాదు. ఆ కొట్టుకు వచ్చిన పేరుకు నేను పూర్తిగా సాక్ష్యం చెప్తాను, అయితే ఆ పేరు సంచిలో పోసుకుని హైవే ఎక్కితే మనతో రాదు. నాకు ఆర్డరు ఇచ్చిన స్నేహితురాలు ఒకటి తిని, "బాగుంది, కానీ ఇంత హడావుడి దీనికా?" అంది. నాకు మనసు చివుక్కుమంది. ఆమె తిన్నది నిన్నటిదని ఎంత చెప్పినా ఏం లాభం?

చివరి రోజు రాత్రి పది దాటాక మళ్లీ వెళ్లాం. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. మేమిద్దరం తలా ఒకటి తీసుకుని బయటే తినేశాం. తర్వాత అమ్మను పిలవడానికి లోపలికి వెళ్లాను. పొయ్యి దగ్గరి మనిషి ఆమెను గుర్తుపట్టినట్టున్నాడు, పలక ఎత్తి పట్టుకుని ఎర్రగా కాలిన వరసను ఆమెకు చూపిస్తున్నాడు. అమ్మ చెయ్యెత్తి, బాగా కాలాయని సైగ చేసింది.