గ్రీన్ బెల్ట్ తీసుకుని ఆరేళ్లు: పత్తి మిల్లు గేటు దగ్గర తేలిన సంగతి

సిక్స్ సిగ్మా అంటే పనిలో తప్పులను లెక్కలతో తగ్గించే పద్ధతి, గ్రీన్ బెల్ట్ అందులో ఒక మెట్టు సర్టిఫికెట్. అంతకు మించి ఇక్కడ చెప్పను. 1986లో మోటరోలాలో పుట్టిన కథ, 1995 నుంచి జీఈ (జనరల్ ఎలక్ట్రిక్) దాన్ని నెత్తిన పెట్టుకున్న కథ మొదటి రోజు క్లాసులో గంటన్నర చెప్తారు. టీ వచ్చేదాకా అదే. నేను రాయాలనుకున్నది ఆ సిలబస్‌లో ఒక్క అధ్యాయం గురించి. దాని కోసమే మిగతా అంతా భరించాను అని ఇప్పుడు అనిపిస్తుంది.

నేను మెకానికల్ డిప్లొమా. పదకొండేళ్లుగా వరంగల్ చుట్టుపక్కల, పత్తి నుంచి గింజ తీసే జిన్నింగ్ మిల్లుల్లోనే ఉద్యోగం. 2019 ఎండాకాలంలో, సీజన్ లేని రోజుల్లో, హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో లీన్ సిక్స్ సిగ్మా గ్రీన్ బెల్ట్‌లో చేరాను. ఫీజు 22,000. నాలుగు వారాలు శని, ఆదివారాలు తెల్లవారకముందే కాజీపేటలో రైలెక్కేవాణ్ని. అమ్మకు బెల్ట్ అని చెప్తే "ఈ వయసుల కరాటే ఎందుకు బిడ్డా" అంది.

క్లాసులో ఉన్నవాళ్లలో సగానికి సగం హైటెక్ సిటీ వాళ్లు. ఉదాహరణలన్నీ కాల్ సెంటర్లు, పిజ్జా డెలివరీలు. సిక్స్ సిగ్మా గురిగా చెప్పే, పది లక్షల అవకాశాల్లో 3.4 తప్పులు అనే లెక్క ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే మాస్టారు "అది స్టాండర్డ్" అన్నాడు. తర్వాత నేనే చదివి తెలుసుకున్నాను. సిగ్మా అంటే కొలతలు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే లెక్క. అసలు ఆరు సిగ్మాలకు లెక్క కడితే తప్పులు వంద కోట్లలో రెండు వస్తాయట. కాలం గడిచేకొద్దీ ఏ పనైనా ఒకటిన్నర సిగ్మా పక్కకు జరుగుతుందని ముందే తీసేసి చెప్పే అంకె ఈ 3.4. ఆ ఒకటిన్నర ఎందుకో ఆ క్లాసులో ఎవరికీ తెలియదు. ఆ చిరాకు ఇప్పటికీ ఉంది కానీ దాన్ని పక్కన పెడతాను.

సర్టిఫికెట్ రావాలంటే ఒక ప్రాజెక్ట్ చేసి చూపించాలి. అక్టోబర్‌లో పత్తి మొదలయ్యేసరికి నాకు ప్రాజెక్ట్ వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. మా గేటు దగ్గరే రోజూ ఒక గొడవ. రైతు డీసీఎంలోనో ట్రాక్టర్‌లోనో పత్తి తెస్తాడు, మా ఆపరేటర్ మాయిశ్చర్ మీటర్ గుచ్చుతాడు, అంకె చెప్తాడు, కేకలు మొదలవుతాయి. సర్కారు తరఫున పత్తి కొనే సీసీఐ లెక్కలో 8 శాతం తేమ దాకా పూర్తి ధర. అక్కడి నుంచి 12 దాకా ఒక్కో శాతానికి ధరలో ఒక్కో శాతం కోత. మేం సొంతంగా కొన్నా ఇంచుమించు అదే లెక్క. రైతులు నీళ్లు చల్లి తెస్తున్నారని మా సేటు మాట. సేటే మీటర్‌కు ఏదో చేయించాడని రైతుల మాట. నేను మధ్యలో రిజిస్టర్ పట్టుకుని నిలబడేవాణ్ని.

క్లాసులో నేర్పినట్టే చేశాను. చేపముల్లు బొమ్మ గీశాను. మనిషి, యంత్రం, సరుకు, పద్ధతి అని ఒక్కో ముల్లుకు కారణాలు రాశాను. ఎందుకు, ఎందుకు అని అయిదుసార్లు అడిగాను. ఎన్నిసార్లు అడిగినా చివరికి "రైతు తడి పత్తి తెస్తున్నాడు" దగ్గరే ఆగింది. అయిదు వారాలు అంకెలు పోగేశాను. ఏ ఊరి నుంచి వచ్చింది, పొద్దున వచ్చిందా సాయంత్రం వచ్చిందా, అడ్తిదారు ఎవరు, అన్నీ. గ్రాఫులు రంగురంగులుగా వచ్చాయి.

ఆరో వారం ప్రాజెక్ట్ చూసే ఆయనతో ఫోన్‌లో మాట్లాడుతున్నాను. మొత్తం విని ఒకటే అడిగాడు.

"మీటర్‌ను కొలిచారా?"

"క్యాలిబ్రేషన్ స్టిక్కర్ ఉంది సార్, జూలైలో చేయించాం."

"స్టిక్కర్ మీటర్‌ది. మీరు కొలిచేది ముగ్గురు మనుషుల చేతుల్లో ఉన్న మీటర్‌తో. ఆ అధ్యాయం మళ్లీ చదవండి."

మెజర్‌మెంట్ సిస్టమ్ అనాలిసిస్. క్లాసులో ఆదివారం భోజనం తర్వాత చెప్పిన పాఠం అది. నేను సగం నిద్రలో ఉన్నాను. విషయం చాలా చిన్నది. ఒకే సరుకును ఒకే మనిషి రెండుసార్లు కొలిస్తే ఒకే అంకె వస్తుందా? ఇద్దరు వేరువేరు మనుషులు కొలిస్తే వస్తుందా? రాకపోతే నువ్వు పోగేసిన అంకెల్లో సరుకు తేడా ఎంత, చేతుల తేడా ఎంత?

పది కుప్పల నుంచి కిలో కిలో పత్తి తీసి పది పాలిథిన్ సంచుల్లో కట్టాను. తేమ లోపల సమంగా సర్దుకోవాలని రాత్రంతా అలాగే ఉంచాను. అడుగున నంబరు చీటీ పెట్టాను, పైకి కనపడకుండా. మర్నాడు మా ముగ్గురు ఆపరేటర్లను ఒక్కొక్కరినే పిలిచి పది సంచులూ కొలిపించాను. మధ్యాహ్నం వరస మార్చి మళ్లీ కొలిపించాను. మొత్తం అరవై అంకెలు. ఏడో నంబరు సంచి చెప్తాను. సీనియర్ ఆపరేటర్‌కు 12.3, 12.1. కొత్త పిల్లవాడికి 9.4, 10.0. నైట్ షిఫ్ట్ ఆయనకు 10.8, 11.5. సంచి ఒకటే, మీటరూ ఒకటే.

ఆ ఏడాది పొడుగు పింజ మద్దతు ధర క్వింటాలుకు 5,550. ఇరవై క్వింటాళ్ల బండి అంటే 1,11,000. ఆ సంచి లాంటి పత్తి ఉన్న రైతుకు గేటు దగ్గర సీనియర్ ఉన్నాడా, పిల్లవాడు ఉన్నాడా అన్నదాన్ని బట్టి దాదాపు మూడు వేల తేడా. ఆ లెక్క కాగితం మీద వేసి కాసేపు అలాగే కూర్చున్నాను. రైతులు అన్నదాంట్లో నిజం ఉంది. సేటు మాత్రం ఏమీ చేయించలేదు.

కారణం నిలబడి చూస్తే పది నిమిషాల్లో దొరికింది. ఆ మీటర్ రెండు సూదుల మధ్య కరెంటు ఎంత తేలిగ్గా పోతుందో చూసి తేమ చెప్తుంది. పత్తిని గట్టిగా అదిమితే పోగులు దగ్గరపడి కరెంటు తేలిగ్గా పోతుంది, అంకె పెరుగుతుంది. సీనియర్ ఆయన మోకాలు పెట్టి అదిమి గుచ్చుతాడు. పిల్లవాడు పైపైన గుచ్చుతాడు, అదీ ఒక్కోసారి ఒక్కోలా. ఎక్సెల్‌లో లెక్క కడితే మొత్తం తేడాలో 46 శాతం కొలతదే అని తేలింది. పది లోపు ఉంటే మంచి కొలత, ముప్పై దాకా పనినిబట్టి సర్దుకోవచ్చు, అది దాటితే ఆ కొలతను నమ్మకూడదని పాఠంలో ఉంది. అంటే నా అయిదు వారాల రంగు గ్రాఫులు చెత్తబుట్టకే.

సీనియర్ ఆయనకు కోపం వచ్చింది. "నన్ను పట్టియ్యనీకి సంచులు గట్టినవా సార్? ఇరవై ఏండ్ల సంది చేస్తున్న. చెయ్యి వెడితేనే తెలుస్తది నాకు, మీటర్ గీటర్ ఎందుకు?" అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. తెలిసిన కాలేజీ ల్యాబ్‌లో ఓవెన్ ఉంటే, అవే సంచుల నుంచి కొంచెం కొంచెం పత్తి తీసుకెళ్లి 105 డిగ్రీల దగ్గర బరువు ఇక తగ్గని దాకా ఆరబెట్టించి అసలు తేమ తేల్చాను. తర్వాత ఆయన్ను మీటర్ లేకుండా చేత్తో పట్టుకుని, తడి ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదాని దాకా పేర్చమన్నాను. పదింటిలో ఎనిమిది సరైన వరసలో పెట్టాడు. ఆయన చెయ్యి నిజం చెప్తోంది, మోకాలు అబద్ధం చెప్తోంది. అది చూపించాక ఆయనే నా పక్షం అయ్యాడు.

వడ్రంగితో అడుగు పొడవు, అడుగు వెడల్పు ప్లైవుడ్ పెట్టె చేయించాం. పత్తి నింపి, మూత వేసి, మూత మీద అయిదు కిలోల తూకం రాయి పెట్టాలి. పక్కన రెండు రంధ్రాల్లోంచి సూదులు గుచ్చాలి. ఖర్చు ఏడు వందలు. మళ్లీ అరవై అంకెలు తీస్తే 46 కాస్తా 18కి వచ్చింది. మరీ గొప్ప ఏమీ కాదు, కానీ సర్దుకోవచ్చు. రైతులకు అంకె కంటే ఆ రాయి ఎక్కువ నచ్చింది. "అందరికి ఒక్కటే రాయి గదా, అయితే సరే" అనేవారు.

ఫైనల్ స్లైడ్‌లో ఇలా రాశాను: గేటు దగ్గర రిజిస్టర్‌కెక్కిన గొడవలు నవంబర్‌లో 31, జనవరిలో 9. చప్పట్లు కొట్టారు. సర్టిఫికెట్ ఫ్రేమ్ కట్టించాను. ఒక్క సీజన్‌లోనే ఫీజు డబ్బులు వచ్చేశాయని అందరికీ చెప్పుకున్నాను.

ఇప్పుడు ఆ మాట అంత గట్టిగా చెప్పలేను. నవంబర్‌లో వచ్చేది మొదటి ఏరుడు పత్తి, మంచూ వానా తిన్నది. జనవరి పత్తి మామూలుగానే పొడిగా ఉంటుంది. పెట్టె లేకపోయినా గొడవలు ఎన్నో కొన్ని తగ్గేవే. నవంబర్‌ను నవంబర్‌తోనే పోల్చాలి. ఇది నాకు ఆ రోజు తట్టలేదు, స్లైడ్ చూసినవాళ్లకూ తట్టలేదు. సరే, వచ్చే ఏడాది చూద్దామనుకుంటే 2020 అక్టోబర్ వానలకు పత్తి నల్లబడి, ఆ సీజన్ దేనితోనూ పోల్చడానికి లేకుండా పోయింది. అందుకని పెట్టె వల్ల ఎన్ని గొడవలు తగ్గాయో నాకు ఇవాళ్టికీ తెలియదు. కొలత మెరుగైందన్నది మాత్రం నిజం.

ఇంకో సంగతి. చివరి అధ్యాయం పేరు కంట్రోల్, అంటే బాగుపడ్డది బాగుపడ్డట్టే ఉంచడం. 2021లో నేను రెండు వారాలు సెలవు మీద పోయి వచ్చేసరికి పెట్టె బోర్లించి దాని మీద టీ గ్లాసులు పెట్టుకున్నారు. తూకం రాయి కాంటా దగ్గరికి వెళ్లిపోయింది. దీనికి ఆ సిలబస్ ఇచ్చిన మందు కంట్రోల్ చార్ట్, అంటే కొలతలు హద్దు దాటాయా అని రోజూ చూసే గ్రాఫు. నేను దాన్ని గీసింది మినీట్యాబ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ ట్రయల్‌లో, అది ముప్పై రోజులకే అయిపోయింది. అసలు మందు ఏమిటంటే సీనియర్ ఆయన. పెట్టె ఆయన చేతికి అప్పగించాక మళ్లీ గ్లాసులు ఎక్కలేదు.

డబ్బుల సంగతి అడుగుతారు కాబట్టి చెప్తాను. సర్టిఫికెట్ చూసి సేటు జీతం పెంచలేదు. "మంచిగుంది, గోడకు వెట్టు" అన్నాడు. రెండేళ్ల తర్వాత టెక్స్‌టైల్ పార్క్ వైపు ఒక కంపెనీకి ఇంటర్వ్యూకి వెళ్తే బెల్ట్ గురించి అర నిమిషం, పెట్టె గురించి ఇరవై నిమిషాలు అడిగారు. చివరికి మాకు సాఫ్ట్‌వేర్‌లో స్టాక్ ఎంట్రీలు తెలిసినవాళ్లు కావాలన్నారు. అదే మా బావమరిది హైదరాబాద్‌లో పెద్ద కంపెనీలో చేస్తాడు. అక్కడ ప్రమోషన్ కాగితంలో గ్రీన్ బెల్ట్‌కు ఒక గడి ఉంది, ఫీజు కూడా కంపెనీదే. వాడికి ఇది వంద శాతం లాభమే. వాడు చేసిన ప్రాజెక్ట్ ఏంటో వాడికే సరిగా గుర్తు లేదు, అది వేరే విషయం.

కొనేముందు ఒకటి చూసుకోండి. ఈ బెల్టులన్నిటికీ ఒకే బోర్డు అంటూ ఏమీ లేదు. ఎవరు పడితే వాళ్లు ఇవ్వొచ్చు. ఏఎస్‌క్యూ అనే అమెరికా సంస్థ వాళ్ల గ్రీన్ బెల్ట్ పరీక్షకు మూడేళ్ల పని అనుభవం ఉండాలి, దాని పై మెట్టయిన బ్లాక్ బెల్ట్‌కు చేసిన ప్రాజెక్ట్‌కు సంతకంతో రుజువు చూపాలి. ఐఏఎస్‌ఎస్‌సీ అనే ఇంకో సంస్థ పరీక్షకు ఆ రెండూ అక్కర్లేదు. రెండు రోజుల్లో, ప్రాజెక్ట్ లేకుండా చేతిలో పెట్టేవి కూడా చాలా ఉన్నాయి. నాకు ప్రాజెక్ట్ తప్పనిసరి కాకపోతే ఆ ఫోన్ కాలే ఉండేది కాదు, నేను రైతులనే తిట్టుకుంటూ ఉండేవాణ్ని.

మా అక్క కొడుకు డిగ్రీ అయిపోయి హన్మకొండలో ఖాళీగా ఉన్నాడు, చేరమంటావా మామా అని అడుగుతున్నాడు. వద్దన్నాను. వాడికి కొలవడానికి ఇప్పుడు ఏమీ లేదు. నాకైతే చేతిలో మిల్లు ఉంది, పెట్టెకు ఏడు వందలు అడిగితే ఎందుకని అడగని సేటు ఉన్నాడు, తప్పు చూపిస్తే ఒప్పుకునే ఆపరేటర్ దొరికాడు. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా ఈ రివ్యూ ఇంకోలా ఉండేదేమో. బ్లాక్ బెల్ట్‌కు సగం ఫీజు ఇస్తానని సేటు ఈమధ్యే అన్నాడు. ఇంకా ఏమీ చెప్పలేదు. దీపావళికి పత్తి దిగేలోపు పెట్టె మూతకు కొత్త బందులు వేయించాలి, ముందు ఆ పని చూడాలి.