సరిహద్దులో ఉన్నవాళ్లకు ఏ వాతావరణ యాప్ మేలు?

పర్లాకిమిడిలో ఉండి వాన సంగతి అడిగేవాళ్లకి ఒక చిక్కుంది. ఇల్లేమో గజపతి జిల్లా, ఒడిశా. పొలమో, అత్తవారిల్లో పాతపట్నం వైపు, అంటే శ్రీకాకుళం జిల్లా. పైన మబ్బు ఒకటే గానీ హెచ్చరిక చెప్పే ఆఫీసులు రెండు. గజపతికి భువనేశ్వర్ వాతావరణ కేంద్రం చెబుతుంది, శ్రీకాకుళానికి అమరావతి కేంద్రం చెబుతుంది. ఒకే పొద్దున ఇటు ఆరెంజ్, అటు ఎల్లో కనిపిస్తే యాప్ పాడైందనుకోకండి, రెండూ రెండు జిల్లాల లెక్కలు. హైదరాబాద్‌లో కూర్చుని రాసే ‘టాప్ టెన్ వెదర్ యాప్స్’ చిట్టాలు మనకి అక్కరకు రానిది ఇందుకే.

ఫోన్‌తో పాటు వచ్చే యాప్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఎండ ఎంత, ఉక్క ఎంత చూసుకోడానికి చాలు. అందులో వాన దగ్గర కనిపించే ‘40 శాతం’ మాత్రం చాలామంది తప్పుగా చదువుతారు. వాన కొద్దిగా పడుతుందని కాదు దానర్థం. ఇలాంటి పరిస్థితి పదిసార్లు వస్తే, నాలుగుసార్లు అక్కడ వాన పడుతుందని. పడితే చినుకా, కుండపోతా అన్నది ఆ అంకె చెప్పదు. పక్కన మిల్లీమీటర్లు ఇస్తే అవి చూడండి, ఇవ్వకపోతే ఆ యాప్‌ని నమ్మి వరి కోత పెట్టుకోవద్దు.

అసలు పోటీ ‘మౌసమ్’కీ ‘విండీ’కీ మధ్య.

మౌసమ్ మన భారత వాతావరణ శాఖది, 2020 జులైలో వచ్చింది. చూడ్డానికి మరీ అందంగా ఏమీ ఉండదు. దాని బలం జిల్లా హెచ్చరికలు. వచ్చే ఐదు రోజులకు రంగులేసి చూపిస్తుంది. ఆ రంగు వెనక లెక్క ఉంది, మనిషి నిర్ణయమూ ఉంది. శాఖ భాషలో ‘భారీ వర్షం’ అంటే 24 గంటల్లో 64.5 మి.మీ. దాటడం, 115.6 నుంచి ‘అతి భారీ’, 204.4 దాటితే ‘అత్యంత భారీ’. కలెక్టరు బడికి సెలవిచ్చినా, జాలర్లను సముద్రంలోకి వెళ్లొద్దన్నా చూసేది ఈ హెచ్చరికనే. అందుకని వేరే యాప్ ఎంత ముచ్చటగా ఉన్నా దీన్ని తీసేయకూడదు. లోపం ఏమిటంటే, జిల్లా మొత్తానికి ఒకే రంగు. గజపతి జిల్లాలో మహేంద్రగిరి 1501 మీటర్ల ఎత్తున ఉంటుంది, పర్లాకిమిడి కింద మైదానంలో ఉంటుంది. రెండింటికీ ఒకటే ఆరెంజ్. ఇక ఊరి పేరు కొట్టి చూసే అంచనాలు కేంద్రాలను బట్టి ఉంటాయి. మీరు ఎంచుకున్నది గోపాల్‌పూరో కళింగపట్నమో అయితే అవి సముద్రపు ఒడ్డు కేంద్రాలు, ఆ ఎండ లెక్క కొండ పక్క ఊరికి అతకదు.

విండీ చెక్ దేశం వాళ్లది. దీనికి జిల్లా, రాష్ట్రం పట్టింపు లేదు. మ్యాప్‌లో మీ పొలం చెక్క మీదే వేలు పెట్టి నొక్కితే అక్కడి అంచనా వస్తుంది. అన్నిటికన్నా పనికొచ్చేది ‘కంపేర్’. యూరప్ వాళ్ల మోడల్ (అంటే కంప్యూటర్‌లో వాతావరణం లెక్కకట్టే పద్ధతి), అమెరికా వాళ్ల జీఎఫ్ఎస్, జర్మనీ వాళ్ల ఐకాన్ ఒకదాని కింద ఒకటి పెట్టి చూపిస్తుంది. మూడూ గురువారం వానంటే పనలు ముందే కుప్ప వేసుకోవచ్చు. ఒకటి 40 మి.మీ. అని, ఇంకోటి సున్నా అంటే ఎవరికీ తేలలేదని అర్థం. తేలలేదన్న ముక్క కూడా రైతుకి సమాచారమే, మిగతా యాప్‌లు దాన్ని దాచిపెట్టి ఒక మబ్బు బొమ్మ వేసి ఊరుకుంటాయి.

అయితే విండీకి కూడా కొండ సరిగ్గా కనబడదు. యూరప్ మోడల్ భూమిని సుమారు 9 కిలోమీటర్ల గడులుగా, జీఎఫ్ఎస్ సుమారు 13 కిలోమీటర్ల గడులుగా కోసి లెక్కేస్తాయి. ఆ గడిలో కొండా లోయా సగటైపోతాయి. కొండకు అటు కుమ్మేసి ఇటు చినుకు రాలని వాన ఇక్కడ మనకి కొత్తా? ఆ వానని పట్టుకోవడం ఈ మోడళ్ల వల్ల కాదు. ఇంకోటి, జీఎఫ్ఎస్ రోజుకి నాలుగుసార్లే కొత్త లెక్క కడుతుంది. పావుగంటకోసారి తెరిచి చూడటం టెన్షన్ పెంచుకోడానికి తప్ప ఎందుకూ కాదు.

అక్టోబర్ వచ్చిందంటే వాట్సాప్‌లో తిరిగే ఎర్ర సుడుల స్క్రీన్‌షాట్లు చాలావరకు ఈ జీఎఫ్ఎస్‌వే. అది 16 రోజుల ముందు దాకా బొమ్మ గీస్తుంది, లేని తుపాన్లను పుట్టించడంలో దానికి పేరుంది. పది రోజుల తరవాతి బొమ్మ పట్టుకుని ‘ఏటి బావా, ఈసారి మన మీదికేనటగా’ అని ఎవరైనా అంటే, మౌసమ్ ఏమంటోందో అడగండి. వాతావరణ శాఖ గాలి గంటకి 62 కిలోమీటర్లు అందుకున్నాకే తుపానుకు పేరు పెడుతుంది. పేరే లేని దానికి ఇప్పటినుంచే బెంగ ఎందుకు?

తుపాను నిజంగా వచ్చినప్పుడు చూడాల్సింది వేరు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. మ్యాప్‌లో గీత అక్కడే ఉంది, అందరి చూపూ అక్కడే. గజపతి కొండల్లో మాత్రం వాన దంచేసింది. బరఘరాలో కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు. కొండ పక్క ఊరివాళ్లు విండీలో గాలి సుడి చూస్తూ కూర్చోకుండా, మొత్తం ఎంత వాన కురుస్తుందో చూపే పొరకి మార్చుకోవాలి. మౌసమ్‌లో రెండు జిల్లాల రంగులూ చూసి, ముదురుగా ఉన్నదాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

పిడుగుకి ఈ రెండూ పనికిరావు. దానికి పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎమ్ చేసిన ‘దామిని’ ఉంది. పిడుగులు పడే చోట్లను సెన్సార్లతో పట్టుకుని, మీ చుట్టూ 20, 40 కిలోమీటర్ల పరిధిలో ఏం జరుగుతోందో చూపిస్తుంది. ఇది రేపటి సంగతి చెప్పదు, ఈ అరగంట సంగతి చెబుతుంది. వైశాఖంలో మధ్యాహ్నం జీడితోటలో పిక్కలు ఏరేవాళ్లకి, మేకల వెంట తిరిగేవాళ్లకి కావల్సింది అదే. లొకేషన్ ఆన్‌లో ఉంచాలి, బ్యాటరీ సేవర్ దాన్ని ఆపేయకుండా సెట్టింగ్స్‌లో మినహాయింపు ఇవ్వాలి. చాలా ఫోన్లలో అలర్ట్ రాకపోవడానికి కారణం ఈ రెండో సంగతే.

‘మేఘదూత్’ పంట సలహాలది. జిల్లావారీగా మంగళ, శుక్రవారాల్లో సలహా మారుతుంది, మందు కొట్టాలా ఆగాలా అన్నది అందులో చూసుకోవచ్చు. ఇక్కడ మళ్లీ సరిహద్దు తగాదా. పొలం పాతపట్నం వైపుంటే శ్రీకాకుళం జిల్లానే ఎంచుకోండి, ఇంటి జిల్లా కాదు. ఒడిశా ప్రభుత్వం వాళ్ల విపత్తు హెచ్చరికల యాప్ ‘సతర్క్’ కూడా ఒడిశా వైపు ఉన్నవాళ్లకి మంచిదే. తెలుగు మాట్లాడుతూ ఒడియా చదవలేని పెద్దవాళ్లుంటే, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ‘సచేత్’ నయం, అది పలు భారతీయ భాషల్లో హెచ్చరిస్తుంది, దేశమంతా పనిచేస్తుంది.

నన్నడిగితే, రోజూ పొలానికి వెళ్లేవాళ్ల ఫోన్‌లో దామిని, మౌసమ్ తప్పనిసరి. ఓపిగ్గా మూడు మోడళ్లు పోల్చి చూసే కుర్రాడు ఇంట్లో ఉంటే విండీ వాడి ఫోన్‌లో వేయండి, పెద్దాయన ఫోన్‌లో వద్దు. ఆ రంగుల గాలి చూస్తే ఆయనకి ప్రతి వారం తుపానే. గట్టి గాలివాన వచ్చి టవర్ పడిపోతే ఏ యాప్ అయినా ఒకటే కాబట్టి, అక్టోబర్‌లో బ్యాటరీలు వేసిన చిన్న రేడియో ఒకటి అటక మీద నుంచి దించి ఉంచుకోండి. బరంపురం ఆకాశవాణి గానీ విశాఖ గానీ, మీ ఊళ్లో ఏది బాగా పలుకుతుందో ముందే చూసిపెట్టుకోండి.